రొమ్ములో గడ్డ, డిజిటల్ మామోగ్రామ్: తిరుపతి, చిత్తూరు వైపు ఆడవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మామోగ్రామ్ తీసే గదిలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. తలుపు వేసి గౌను చేతికివ్వగానే ప్రశ్నలు మొదలవుతాయి. కుప్పం నుంచి వచ్చినా, శ్రీకాళహస్తి నుంచి వచ్చినా, పక్కవీధి నుంచి వచ్చినా ప్రశ్నలు మాత్రం అవే. జవాబు సగంలో ఉండగానే బయట ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. ఆ సగం జవాబులు నన్ను ఇంటిదాకా వెంటాడుతుంటాయి కాబట్టి, వాటిని పూర్తిగా ఇక్కడ రాసిపెడుతున్నాను. ఎవరికి ఏ అనుమానం ఉంటే నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు. మీ ఒంటిని చూసి చెప్పాల్సిన మాట మాత్రం మీ డాక్టరుదే.

## గడ్డ తగిలింది, ఇంకా ఎక్కడా చూపించుకోలేదు

స్నానం చేస్తుంటే గడ్డ చేతికి తగిలింది. నొప్పి అసలు లేదు. నొప్పి లేకపోతే భయం లేనట్టే కదా?

కాదమ్మా. ఈ ఒక్క నమ్మకం వల్లే ఏడాది ఆలస్యంగా వచ్చినవాళ్లను ఎంతోమందిని చూశాను. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నెలసరికి ముందు రెండు వైపులా సలిపే నొప్పి మామూలుగా హార్మోన్ల వల్ల వచ్చేది. అందుకే నొప్పితో పరిగెత్తుకొచ్చిన ఆమెకు తరచూ ఏమీ ఉండదు, నొప్పి లేదని ఇంట్లో కూర్చున్న ఆమెకు ఉండవచ్చు.

అలాగని గడ్డ తగలగానే క్యాన్సరే అనుకోవద్దు. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం నీటితిత్తులో, ఫైబ్రోఎడినోమా అనే మామూలు గడ్డలో అయివుంటాయి. కానీ ఏది ఏదో మీ వేలు చెప్పలేదు, నా వేలూ చెప్పలేదు. గడ్డతోపాటు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. చర్మం ఒకచోట సొట్టపడటం, బత్తాయి తొక్కలాగా గరుకుగా మారటం, చనుమొన కొత్తగా లోపలికి పోవటం, మొన నుంచి రక్తం లేదా నీళ్లలాంటి ద్రవం దానంతటదే రావటం, చంకలో గడ్డ. వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

మామోగ్రామ్ అంటే ఏంది? స్కానింగేనా?

రొమ్ముకు తీసే ఎక్స్‌రే. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో జెల్ రాసి, ధ్వని తరంగాలతో చూస్తారు. మామోగ్రామ్‌లో ఆ పని తక్కువ మోతాదు ఎక్స్‌రే చేస్తుంది. ఒక్కో వైపు రెండు ఫొటోలు, ఒకటి పైనుంచి కిందికి, ఇంకొకటి ఏటవాలుగా చంక వరకు వచ్చేట్టు. మొత్తం నాలుగు. ఈ రెండు పరీక్షలూ ఒకదానికొకటి పోటీ కాదు. గడ్డ నీటితో నిండిందా, గట్టిదా అన్నది అల్ట్రాసౌండ్ బాగా చెబుతుంది. చేతికి ఎప్పటికీ తగలని సన్నని సున్నపు చుక్కలను మామోగ్రామ్ బాగా పట్టిస్తుంది. అందుకే చాలాసార్లు ఒకేరోజు రెండూ రాస్తారు. "రెండుసార్లు డబ్బు గుంజుతున్నారు" అనుకోకండి.

డిజిటల్ అంటే కొత్తగా ఏముంది? మా పెద్దమ్మకు పాత మిషన్‌లోనే తీశారు కదా.

పాతకాలంలో ఫొటో ఫిల్ము మీద పడేది. కడిగాక ఎలా వస్తే అలా చూడాల్సిందే. డిజిటల్‌లో ఫిల్ము ఉండదు, డిటెక్టరు ఉంటుంది. బొమ్మ నేరుగా కంప్యూటరుకు వస్తుంది. బొమ్మలు చదివే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, దాన్ని పెద్దది చేసుకోవచ్చు, నలుపు తెలుపులు మార్చుకోవచ్చు, మూడేళ్ల కిందటి బొమ్మను పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

అందరికీ ఒకేలా మేలు జరిగిందా అంటే, అలా కాదు. అమెరికా, కెనడాలలో దాదాపు 49,500 మంది ఆడవాళ్లకు రెండు రకాలుగానూ తీసి పోల్చిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. మొత్తం మీద రెండూ దాదాపు సమానమే అని తేలింది. అయితే 50 ఏళ్ల లోపువాళ్లలో, రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లలో, నెలసరి ఇంకా ఆగనివాళ్లలో డిజిటల్ స్పష్టంగా మెరుగని తేలింది. ఆ అధ్యయనంలోనే ఒక్కో ఫొటోకు పడే రేడియేషన్ కూడా డిజిటల్‌లో సగటున 22 శాతం తక్కువని లెక్కతేల్చారు. మన దగ్గర నలభైల్లోనే గడ్డతో వచ్చేవాళ్లు చాలామంది, కాబట్టి ఈ తేడా మనకు బాగా పనికొస్తుంది.

ఇప్పుడు కొన్నిచోట్ల 3డి మామోగ్రామ్ కూడా ఉంది, దాన్నే టోమోసింథసిస్ అంటారు. మిషన్ తల కొద్దిగా తిరుగుతూ చాలా ఫొటోలు తీస్తుంది. రొమ్మును పొరలు పొరలుగా విడదీసి చూసినట్టు ఉంటుంది. అది ఉంటే మంచిదే. లేదని మాత్రం పరీక్ష వాయిదా వేసుకోవద్దు.

నాకు 28 ఏళ్లు. గడ్డ ఉంది. మామోగ్రామ్ తీయండి అంటే స్కానింగ్ చాలు అంటున్నారు. పట్టించుకోవట్లేదా?

పట్టించుకునే అలా చెప్పారు. వయసులో ఉన్నవాళ్ల రొమ్ము దట్టంగా ఉంటుంది. మామోగ్రామ్‌లో దట్టమైన కణజాలం తెల్లగా కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. తెల్లటి మబ్బులో కొంగను వెతికినట్టు అవుతుంది. అందుకని 30 లోపువాళ్లకు మొదట అల్ట్రాసౌండ్ చేస్తారు. 30 నుంచి 39 దాకా డాక్టరు చూసి ఏది ముందో నిర్ణయిస్తారు. 40 దాటి గడ్డ ఉంటే మామోగ్రామ్‌తోనే మొదలుపెడతారు. చిన్న వయసులో కూడా స్కానింగ్‌లో అనుమానం వస్తే మామోగ్రామ్ తీస్తారు.

నాకు ఏ ఇబ్బందీ లేదు. ఊరికే తీయించుకోవాలా? ఏ వయసు నుంచి?

ఒక్క మాటలో చెప్పలేను, ఎందుకంటే దేశాన్ని బట్టి సలహా మారుతోంది. అమెరికా నిపుణుల బృందం 2024లో 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకు రెండేళ్లకోసారి అని చెప్పింది. సదుపాయాలు బాగా ఉన్నచోట 50 నుంచి 69 ఏళ్ల వాళ్లకు రెండేళ్లకోసారి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన ప్రభుత్వ కార్యక్రమంలో అందరికీ మామోగ్రామ్ లేదు. 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి, శిక్షణ పొందినవాళ్లు చేత్తో పరీక్ష చేస్తారు.

చేత్తో చూస్తే ఏం తెలుస్తుందిలే అని తీసిపారేయకండి. ముంబయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు లక్షన్నర మంది మహిళలతో ఇరవయ్యేళ్లు నడిపిన అధ్యయనం 2021లో వెలువడింది. రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేయించుకున్న 50 ఏళ్లు దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మీ ఊరి ఏఎన్ఎం వచ్చి రమ్మంటే సిగ్గుపడకుండా వెళ్లండి. 40 దాటాక మామోగ్రామ్ ఎప్పుడెప్పుడు అన్నది మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి.

మా అమ్మకు 42లో వచ్చింది. నేనెప్పుడు మొదలుపెట్టాలి?

అమ్మకో, అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో వచ్చివుంటే, వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్లు ముందు నుంచి చూపించుకోవటం మొదలుపెట్టాలని సాధారణంగా చెబుతారు. మీ విషయంలో 32. కుటుంబంలో ఒకరికి మించి ఉంటే, అండాశయ క్యాన్సర్ కూడా ఉంటే, బీఆర్‌సీఏ (ఈ క్యాన్సర్ల ముప్పును పెంచే, తరతరాలకు వచ్చే జన్యు మార్పు) పరీక్ష గురించి, ఏటా ఎంఆర్ఐ గురించి క్యాన్సర్ డాక్టరును అడగండి. నాన్న వైపు మేనత్తలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. "అది మా నాన్న వైపు కదా, మాకు రాదు" అనేవాళ్లు వారానికి ఒకరైనా కనిపిస్తారు. ఆ జన్యువు నాన్న నుంచి కూడా వస్తుంది.

క్యాంపులో వేడిని చూసే కెమెరాతో ఫొటో తీసి ఏమీ లేదన్నారు. ఇంక మామోగ్రామ్ అక్కర్లేదు కదా?

అక్కర ఉంది. ఒంటి వేడిని బట్టి చూసే పరీక్ష మామోగ్రామ్‌కు బదులు కాదు. నొక్కరు, ఎవరూ తాకరు, రేడియేషన్ ఉండదు కాబట్టి ఇష్టపడతారు, అది నాకు అర్థమవుతుంది. కానీ గడ్డ చేతికి తగులుతున్న మనిషి ఆ కాగితం చూసి ఊరుకోకూడదు.

మగవాళ్లకు కూడా వస్తుందా?

వస్తుంది, అరుదుగా. రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఒక శాతం మగవాళ్లవి. చనుమొన కింద గట్టి గడ్డ ఉంటే చూపించుకోవాలి. వాళ్లకూ ఇదే మిషన్, ఇదే పద్ధతి.

ఇక్కడ ఎక్కడికి పోవాలి?

తిరుపతిలో టీటీడీ ఆధ్వర్యంలోని స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టాటా ట్రస్టుల చొరవతో 2022 మేలో అలిపిరి వైపు మొదలైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చాలామంది టాటా ఆసుపత్రి అనే పిలుస్తారు. రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లు అలవాటుగా వేలూరు సీఎంసీకి వెళతారు, అదీ మంచి చోటే. ప్రైవేటు స్కాన్ సెంటర్‌కు వెళ్లేట్టయితే రెండు విషయాలు అడగండి: మిషన్ డిజిటల్‌దేనా, బొమ్మలు చదివేది రేడియాలజిస్టేనా. ఎక్స్‌రే మిషన్ పెట్టాలంటే కేంద్రంలోని అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి తప్పనిసరి, దాని గురించి అడిగినా తప్పులేదు.

ముందు పసరు కట్టు వేసి చూస్తే? పుత్తూరులో విరిగిన ఎముకే అతుక్కుంటుంది కదా.

పుత్తూరు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకం నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉంది. కానీ అది ఎముక సంగతి. రొమ్ములో గడ్డకు కట్టు వేస్తే పైచర్మం పుండవుతుంది, లోపలి గడ్డ పెరుగుతూనే ఉంటుంది. ఒకామె మూడు నెలలు ఆకుపసరు కట్టి వచ్చింది. గౌను తొలగించగానే చర్మం ఆకుపచ్చగా మరకలు కట్టి, అక్కడక్కడా చిట్లి ఉంది. నొక్కితే ఆమె తట్టుకోలేకపోయింది, ఫొటో సరిగా పడలేదు. ఆ పుండు మానటానికి ఇంకో పది రోజులు ఆగాల్సి వచ్చింది. ముందు పరీక్ష చేయించుకోండి. గడ్డ ఏమిటో తెలిశాక మిగతావి.

## పరీక్ష రోజు

పరగడుపున రావాలా?

అవసరం లేదు. కడుపు నిండా తినే రండి. తెల్లవారుజామున బస్సెక్కి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చి, మిషన్ దగ్గర కళ్లు తిరిగి పడబోయినవాళ్లను పట్టుకున్నాను. చక్కెర జబ్బు, బీపీ మాత్రలు రోజూ వేసుకునే వేళకే వేసుకోండి.

ఏం కట్టుకుని రావాలి? తాళి తీయాలా?

చీర అయితే సుఖం, జాకెట్టు ఒక్కటి తీస్తే చాలు. చుడీదార్ అయితే పైది, కిందది వేరువేరుగా ఉండేది వేసుకోండి. నైటీ మీద వస్తే మొత్తం తీయాల్సి వస్తుంది, మీకే ఇబ్బంది.

ఆ రోజు చంకల్లో, రొమ్ము మీద పౌడర్, సెంటు, క్రీము, బామ్ ఏదీ వద్దు. చంకకు రాసుకునే రోలాన్‌లలోని అల్యూమినియం, పౌడర్ రేణువులు ఫొటోలో తెల్లటి చుక్కల్లా పడతాయి. మేము వెతికేది సరిగ్గా అలాంటి చుక్కల కోసమే. పసుపు రాసుకునే అలవాటుంటే శుభ్రంగా కడుక్కుని రండి.

తాళి గురించి అడగటానికి చాలామంది మొహమాటపడతారు. మెడలోంచి తీయటం ఇష్టం లేకపోతే చెప్పండి. గొలుసును వీపు వైపు వేసి, జారకుండా టేపు అంటిస్తాను. ఫొటోకు అడ్డం రాకుండా ఉంటే చాలు.

మగవాళ్లు తీస్తారా?

మామోగ్రామ్ తీసేది చాలాచోట్ల ఆడవాళ్లే. అయినా నమోదు చేయించుకునేటప్పుడే ఆడ టెక్నీషియన్ ఉన్నారా అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

నెలసరి ఉన్నప్పుడు రావచ్చా?

రావచ్చు. కాకపోతే నెలసరికి ముందు వారం రొమ్ములు నొప్పిగా, బరువుగా ఉంటాయి, నొక్కితే ఎక్కువ బాధ. నెలసరి మొదలైన తర్వాతి వారం అన్నిటికన్నా సులువు. గడ్డ ఉండి అనుమానంతో వచ్చేవాళ్లు మాత్రం తేదీలు లెక్కపెట్టుకుంటూ ఆగొద్దు.

ఎందుకంత గట్టిగా నొక్కుతారు? గడ్డ పగిలి ఒళ్లంతా పాకదా?

పాకదు. నొక్కటం వల్ల గడ్డ పగలదు, క్యాన్సర్ వ్యాపించదు.

మిషన్ ముందు నిలబడతారు. కింద చల్లగా ఒక పలక, పైనుంచి మెల్లగా దిగే పారదర్శకమైన ప్లాస్టిక్ పలక. రొమ్మును కింది పలక మీద నేనే చేత్తో సర్ది, మడతలు లేకుండా ముందుకు లాగి, పై పలకను దించుతాను. గట్టిగా పట్టేసినట్టు ఉంటుంది. "ఊపిరి ఆపండి" అంటాను. కొన్ని క్షణాలు. ఫొటో పడగానే పలక దానంతటదే పైకి లేస్తుంది. అలా నాలుగుసార్లు. గదిలోకి వచ్చి వెళ్లేదాకా పదిహేను, ఇరవై నిమిషాలు.

మడిచిన చీరను ఊరికే చూస్తే లోపలి మరక కనపడదు కదా, పరిస్తేనే కనపడుతుంది. రొమ్మును పరచటం కూడా అందుకే. ఒకదానిమీద ఒకటి పడిన కణజాలం విడిపోతుంది. మందం తగ్గితే తక్కువ రేడియేషన్‌తో పని అయిపోతుంది. కదలిక ఉండదు కాబట్టి బొమ్మ చెదరదు. మరీ తట్టుకోలేకపోతే నోరు తెరిచి చెప్పండి, ఆపుతాను. పళ్లు బిగించి భరించి, మధ్యలో ఒక్కసారిగా వెనక్కి జరిగితే ఫొటో చెడిపోయి మళ్లీ తీయాల్సి వస్తుంది.

ఈ రేడియేషన్ వల్లే క్యాన్సర్ వస్తుందంట కదా?

రెండు వైపులా నాలుగు ఫొటోలకు కలిపి పడేది సుమారు 0.4 మిల్లీసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి మన అందరి మీదా రోజూ సహజంగా కొంత రేడియేషన్ పడుతూనే ఉంటుంది. ఏడు వారాల్లో అలా పడేదానికి ఇది ఇంచుమించు సమానం. అపాయం అసలు సున్నా అని నేను అనను. కానీ గడ్డ ఏమిటో తెలియకుండా ఉండిపోవటంలో ఉన్న అపాయం ముందు అది చాలా చిన్నది.

బిడ్డకు పాలిస్తున్నాను. కడుపుతో ఉంటే?

పాలిస్తున్నా తీయవచ్చు. వచ్చే ముందు బిడ్డకు కడుపునిండా పాలిచ్చి రండి, రొమ్ము తేలికపడి బొమ్మ బాగా వస్తుంది. ఆ తర్వాత కూడా మామూలుగా పాలివ్వచ్చు, పాలకు ఏమీ కాదు. గర్భంతో ఉంటే మొదట అల్ట్రాసౌండ్ చేస్తారు. తప్పనిసరైతే మామోగ్రామ్ కూడా తీస్తారు, బిడ్డ మీద పడేది అత్యల్పం. కడుపుతో ఉన్నట్టు అనుమానం ఉన్నా ముందే చెప్పండి. ఒక జాగ్రత్త: బాలింతల్లో గడ్డ తగిలితే పాలగడ్డే అని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. రెండు వారాల్లో కరగకపోతే చూపించండి.

ఫొటోలు అయిపోయాయి, బట్టలు వేసుకున్నాక మళ్లీ లోపలికి పిలిచారు. ఏదో కనపడిందా?

ఆ పిలుపుతో ఆడవాళ్ల ముఖాలు ఎలా వాడిపోతాయో రోజూ చూస్తాను. చాలాసార్లు కారణం మామూలుదే: కదలటం వల్ల బొమ్మ చెదిరింది, చంక భాగం పూర్తిగా రాలేదు, ఒకచోట పెద్దదిగా చేసి చూడాలి. అమెరికా లెక్కల్లో ఏ లక్షణమూ లేకుండా వచ్చినవాళ్లలోనే వందకు పదిమంది దాకా అదనపు ఫొటోలకు పిలుస్తారు, వాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. నన్ను "ఏమైనా ఉందా?" అని అడుగుతారు. నేను చెప్పను, చెప్పకూడదు. బొమ్మ తీయటం నా పని, చదవటం రేడియాలజిస్టు పని. నా మౌనాన్ని చెడ్డ కబురుగా తీసుకోకండి.

## రిపోర్టు చేతికి వచ్చాక

బైరాడ్స్ 4 అని రాశారు. నాలుగో స్టేజీ అనా అర్థం?

కాదు, కాదు, కాదు. ఈ ఒక్క జవాబును గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలని ఉంది. రిపోర్టు చదువుకుని, ఇంక అయిపోయిందని ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చిన కుటుంబాన్ని చూశాను. బయాప్సీ, అంటే సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష చేస్తే అది మామూలు గడ్డ.

స్టేజీ అనేది క్యాన్సర్ అని రుజువయ్యాక, ఎంత దూరం వెళ్లిందో చెప్పే లెక్క. బైరాడ్స్ అనేది బొమ్మను చూసి ఎంత అనుమానించాలో చెప్పే అంకె. 1 అంటే ఏమీ లేదు. 2 అంటే ఏదో ఉంది కానీ కచ్చితంగా హాని లేనిది. 3 అంటే దాదాపు హాని లేనిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు. 4 అంటే అనుమానం ఉంది, సూది పరీక్ష చేయాలి. ఈ 4 చాలా వెడల్పైనది: 4ఏ అయితే 2 నుంచి 10 శాతం, 4బి 10 నుంచి 50, 4సి 50 నుంచి 95. అంటే 4ఏ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమందికి పైగా క్యాన్సర్ ఉండదు. 5 అంటే 95 శాతం, ఆ పైన. 6 అంటే బయాప్సీలో ఇప్పటికే తేలింది.

బైరాడ్స్ 0 వచ్చింది. సున్నా అంటే ఏమీ లేదనే కదా?

సున్నా అంటే లెక్క ఇంకా పూర్తికాలేదని. ఇంకో ఫొటో కావాలి, లేదా అల్ట్రాసౌండ్, లేదా పాత బొమ్మలతో పోల్చాలి. సున్నా చూసి సంతోషంగా రిపోర్టును బీరువాలో పెట్టేసినవాళ్లున్నారు. ఆ పని పూర్తిచేయించుకున్నాకే ఇంటికి వెళ్లండి.

బైరాడ్స్ 3 అన్నారు, ఆరు నెలలకు రమ్మన్నారు. అన్నాళ్లు ఆగితే పెరిగిపోదా?

అనుమానం అంత తక్కువ కాబట్టే సూది గుచ్చకుండా గమనిస్తామంటున్నారు. మారకుండా ఉంటే అది హాని లేనిదని మరింత గట్టిపడుతుంది. మీరు చేయాల్సిందల్లా ఆ తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకుని, కచ్చితంగా రావటం. కోతలు, పెళ్లిళ్లు, గంగమ్మ జాతర ఏవి అడ్డం వచ్చినా ఆ నెల దాటనివ్వకండి.

మామోగ్రామ్ నార్మల్ అని వచ్చింది, కానీ గడ్డ తగులుతూనే ఉంది. ఏది నమ్మాలి?

గడ్డను నమ్మండి.

మామోగ్రామ్ మంచి పరీక్షే, కానీ అన్నీ పట్టదు. అమెరికాలోని పెద్ద లెక్కల్లో కూడా ఉన్న క్యాన్సర్లలో 87 శాతం దాకానే పట్టింది. దట్టమైన రొమ్ముల్లో ఇంకా తక్కువ. కాబట్టి గడ్డ చేతికి తగులుతుంటే, కాగితం మీద నార్మల్ అని ఉన్నా అక్కడితో ఆపకూడదు. అల్ట్రాసౌండ్ చేయించండి. డాక్టరు చేతికి గడ్డ అనుమానంగా తగిలితే, బొమ్మలు ఏం చెప్పినా సూది పరీక్ష చేస్తారు. చేత్తో పరీక్ష, బొమ్మ, సూది ఈ మూడూ ఒకే మాట చెప్పాలన్నది పాత పద్ధతి, ఇప్పటికీ చెల్లే పద్ధతి. గదిలోకి రాగానే గడ్డ ఎక్కడుందో నాకు వేలితో చూపించండి. అక్కడ చిన్న గుర్తు అంటించి ఫొటో తీస్తాను, రేడియాలజిస్టు సరిగ్గా అక్కడే చూస్తారు.

రొమ్ము డెన్స్‌గా ఉందని రాశారు. అదేమైనా జబ్బా?

జబ్బు కాదు. కొవ్వు తక్కువ, గ్రంథి కణజాలం ఎక్కువ అని అర్థం. చేత్తో పట్టుకుంటే తెలిసేది కాదు, బొమ్మలోనే తెలుస్తుంది. ఏ, బి, సి, డి అని నాలుగు రకాలు రాస్తారు. సి, డి అయితే మామోగ్రామ్‌తోపాటు అల్ట్రాసౌండ్ అవసరమా అని డాక్టరును అడగండి.

సున్నపు చుక్కలు ఉన్నాయన్నారు. వక్కాకులో సున్నం వేసుకుంటాను, క్యాల్షియం మాత్రలు కూడా మింగుతున్నాను. దానివల్లేనా?

రెండిటికీ సంబంధం లేదు. తినే సున్నం రొమ్ములో చేరదు. వయసుతో, పాత దెబ్బలతో, రక్తనాళాల గోడల్లో ఏర్పడేవి పెద్దవిగా, గుండ్రంగా ఉంటాయి, వాటితో హాని లేదు. ఉప్పు రవ్వల్లా సన్నగా, ఒకచోట గుంపుగా, వంకరటింకరగా ఉంటే అనుమానిస్తారు. పాలనాళాల్లోనే ఉండిపోయిన, ఇంకా బయటికి పాకని క్యాన్సర్ తరచుగా ఇలాంటి చుక్కలతోనే బయటపడుతుంది. చేతికి ఏమీ తగలదు. డిజిటల్ మామోగ్రామ్ విలువ నాకు ఎక్కువగా తెలిసేది ఇక్కడే.

మా అబ్బాయి బెంగళూరులో డాక్టరుకు చూపిస్తాడంట. ఫొటోను వాట్సాప్‌లో పంపితే చాలదా?

చాలదు. మీ చేతికిచ్చిన ప్రింటు ఫిల్మును కిటికీకి ఆనించి ఫోనుతో తీస్తే కిటికీ ఊచలు కనపడతాయి కానీ అర మిల్లీమీటరు చుక్కలు కనపడవు. పరీక్ష అయ్యాక సీడీ అడిగి తీసుకోండి, అసలు బొమ్మలు అందులోనే పూర్తిగా ఉంటాయి. పాత సీడీలు, ప్లేట్లు, రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టి ప్రతిసారీ వెంట తెచ్చుకోండి. పాత బొమ్మ పక్కన ఉంటే "ఇది అయిదేళ్లుగా ఇలాగే ఉంది" అని ఒక్క నిమిషంలో తేలిపోతుంది, బయాప్సీయే తప్పిపోవచ్చు.

## సూది పరీక్ష

గడ్డకు సూది గుచ్చితే క్యాన్సర్ కదిలి పాకుతుందంట. మా ఊళ్లో ఒకామె బయాప్సీ తర్వాతే పోయింది.

ఆమె బయాప్సీ వల్ల పోలేదు. బయాప్సీ చేసేనాటికే జబ్బు ముదిరి ఉంటుంది, ఊళ్లోవాళ్లకు కనపడింది సూది ఒక్కటే. సూది పరీక్ష వల్ల ఆయుష్షు తగ్గుతుందనటానికి ఆధారం లేదు. మామోగ్రామ్ దాకా వచ్చి, ఈ మాట విని ఇక్కడే వెనుదిరిగినవాళ్లు కొందరు ఏడాది తర్వాత చంకలో గడ్డలతో మళ్లీ నా గదికే వచ్చారు. దాన్ని తలుచుకుంటే నాకు నిద్రపట్టదు.

చర్మానికి మత్తుసూది వేస్తారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కొంచెం లావు సూదితో దారపు పోగులంత ముక్కలు కొన్ని తీస్తారు. 'టక్' అని గట్టిగా చప్పుడవుతుంది, దానికి ఉలిక్కిపడొద్దు. కుట్లు ఉండవు. కాసేపు గట్టిగా అదిమి పట్టి, కట్టువేసి, చాలామందిని అదేరోజు ఇంటికి పంపేస్తారు. కొద్దిగా కమిలిన మరక కొన్నాళ్లు ఉంటుంది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

ముక్క ఎందుకు, గడ్డ మొత్తం కోసి తీసేసి పరీక్షకు పంపితే ఒకేసారి అయిపోతుంది కదా?

ఇది పెద్ద పొరపాటు. తేలకముందే గడ్డను పెకిలిస్తే, తర్వాత క్యాన్సర్ అని వచ్చినప్పుడు అది ఎంత పెద్దదో, అంచులు ఎక్కడున్నాయో తెలియక రెండో ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. కొందరికి ముందు మందులతో గడ్డను కరిగించి తర్వాత ఆపరేషన్ చేయటం మేలు, ఆ దారి మూసుకుపోతుంది. సూదితో వీలున్నచోట ముందు సూది పరీక్ష, తర్వాతే కత్తి. ఎవరైనా "చిన్నదే, తీసిపారేద్దాం" అంటే, బయాప్సీ చేశాక నిర్ణయిద్దామని మర్యాదగా చెప్పండి.

రిపోర్టుకు ఎన్నాళ్లు?

ముక్కను నానబెట్టి, పల్చగా కోసి, రంగువేసి చూడాలి, అందుకని కొన్ని రోజులు పడుతుంది. క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్, హెర్2 అనే పరీక్షలు ఆ ముక్క మీదే చేస్తారు, ఇంకొంచెం సమయం. ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి అవే, ఖర్చని వదిలేయకండి.

## క్యాన్సర్ అని తేలితే

రొమ్ము మొత్తం తీసేస్తారా?

తప్పనిసరిగా కాదు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు గడ్డ వరకే తీసి, తర్వాత రేడియేషన్ ఇస్తే, రొమ్ము మొత్తం తీసినవాళ్లతో సమానంగా బతుకుతారని ఇరవయ్యేళ్లు గమనించిన రెండు పెద్ద అధ్యయనాలు 2002లో చూపించాయి. గడ్డ ఎన్నిచోట్ల ఉంది, సున్నపు చుక్కలు ఎంత మేర పరుచుకున్నాయి అన్నదాన్ని బట్టి ఏది వీలవుతుందో చెబుతారు. అదీ మీ మామోగ్రామ్‌లోనే కనపడుతుంది.

డబ్బు ఎక్కడినుంచి తేవాలి?

పొలం అమ్మకానికి పెట్టకముందు ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరుకు వెళ్లండి. ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్లండి. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆ పథకంలో ఉన్నాయి. పరీక్షల ఖర్చు ఎంతవరకు వర్తిస్తుందో అక్కడే అడగండి. రాష్ట్రం దాటి వెళ్లేట్టయితే మీ కార్డు అక్కడ చెల్లుతుందా అని బయలుదేరకముందే కనుక్కోండి.

అమ్మకు చెప్పొద్దు, తట్టుకోలేదు అంటున్నాడు మా అన్న. ఏం చేయాలి?

చెప్పండి. మెల్లగా, ఒక్కసారిగా కాకుండా చెప్పండి, కానీ చెప్పండి. కొడుకులు బయట నా చెయ్యి పట్టుకుని "మేడమ్, మా అమ్మకు మామూలు గడ్డ అని చెప్పండి" అంటారు. లోపల ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని "నాకు తెలుసు తల్లీ, పిల్లోళ్లు భయపడతారని నేనే ఏం అడగట్లా" అంటుంది. ఇద్దరి మధ్యా ఒక తలుపే అడ్డం. జబ్బేమిటో తెలియని మనిషి కీమో మధ్యలో జుట్టు రాలగానే "మామూలు గడ్డకు ఇంత మందా?" అని ఆపేస్తుంది. సగంలో ఆగిన చికిత్స పనిచేయదు.

చికిత్స అయిపోయింది. ఇంకా మామోగ్రామ్ ఎందుకు?

రెండో రొమ్ములో కొత్తగా రావచ్చు, గడ్డ మాత్రమే తీసినచోట మళ్లీ రావచ్చు. అందుకని ఏటా ఒకసారి తీస్తారు. రేడియేషన్ ఇచ్చిన వైపు మొదటి ఫొటో, అది అయిన ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య. ఆ వైపు చర్మం బిగుసుకుని ఉంటుంది, నొక్కేటప్పుడు లాగినట్టు నొప్పి వస్తుంది. ఆపరేషన్ ఏ వైపో, ఏ నెలలో అయిందో గదిలోకి రాగానే చెప్పండి, మచ్చ మీద గుర్తు అంటించి నెమ్మదిగా తీస్తాను. పాత సీడీల సంచి మర్చిపోకండి.